టోన్ పొయెట్ రికార్డులు: దాదాపు నలభై కొన్నాక చెబుతున్న మాట

ముందు ధర సంగతి. ఇవి ముల్లు పెట్టి వినే జాజ్ ఎల్పీలు, ఒక్కో రికార్డు 40 డాలర్లకు కాస్త అటూ ఇటూ ఉంటుంది, అదే పాట ఫోన్‌లో ఊరికే వస్తుంది, కాబట్టి ఇది అవసరమా అని ఎవరైనా అడిగితే అవసరం లేదనే చెబుతాను. నేను మాత్రం ఐదేళ్లుగా కొంటూనే ఉన్నాను, ఇప్పుడు లెక్కపెడితే నలభై దగ్గరకు వచ్చాయి.

తెలియనివాళ్ల కోసం: బ్లూ నోట్ అమెరికాలో 1939లో మొదలైన జాజ్ కంపెనీ. 80 ఏళ్లు నిండిన 2019లో టోన్ పొయెట్ అనే సిరీస్ మొదలుపెట్టి, పాత ఆల్బమ్‌లను మళ్లీ రికార్డులుగా తెస్తున్నారు. నిర్మాత జో హార్లీ. టోన్ పొయెట్ అన్నది శాక్సాఫోన్ విద్వాంసుడు చార్ల్స్ లాయిడ్ ఆయనకు పెట్టిన ముద్దుపేరు, అదే సిరీస్‌కీ వచ్చింది. అప్పుడు రికార్డ్ చేసిన అసలు టేపు, అంటే మాస్టర్ టేపు తెప్పించి, కెవిన్ గ్రే అనే ఇంజినీర్ దాని నుంచి నేరుగా రికార్డు గాడి చెక్కుతాడు, మధ్యలో కంప్యూటర్ ఉండదు. అచ్చు వేసేది కాలిఫోర్నియాలోని ఆర్‌టీఐ అనే రికార్డుల ఫ్యాక్టరీలో. అట్ట దళసరిగా, పుస్తకంలా తెరుచుకుంటుంది, లోపల ఫ్రాన్సిస్ వుల్ఫ్ ఆ రికార్డింగ్ జరుగుతుండగా తీసిన ఫోటోలు. నిజం చెప్పాలంటే ఆ ఫోటోల కోసమే రెండు కొన్నాను, పాటలు అంతంత మాత్రం.

మేముండేది న్యూజెర్సీలో, ఎడిసన్‌లో. ఇక్కడ మనవాళ్లకు ఏ దోసెల హోటల్ ఎక్కడుందో తెలుసు గానీ, బ్లూ నోట్ రికార్డుల్లో సగం పైగా గొప్పవి మన పక్క ఊళ్లలో పుట్టాయని చాలామందికి తెలియదు. రూడీ వాన్ గెల్డర్ అనే ఆయన పగలు కళ్లద్దాల డాక్టరు. హాకెన్‌సాక్‌లో అమ్మానాన్నల ఇంటి ముందుగదిలోనే మైకులు పెట్టి రికార్డ్ చేసేవాడు, 1959లో ఇంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో సొంత స్టూడియో కట్టుకున్నాక గానీ ఆ డాక్టరీ మానలేదు. ఓ ఆదివారం ఆ స్టూడియో దాకా వెళ్లి రోడ్డు మీద నుంచే చూసి వచ్చాను, మా ఆవిడ కారు దిగలేదు.

ఇప్పుడు అసలు విషయం, శబ్దం. అప్పట్లో చవక ప్లేయర్లలో ముల్లు గాడి తప్పి ఎగరకుండా ఉండాలని బేస్‌ను కొంత తగ్గించి చెక్కేవాళ్లు. టేపులో ఉన్నంత బేస్ ఆనాటి రికార్డులో ఉండేది కాదన్నమాట. కెవిన్ గ్రే ఆ పని చేయడు. డబుల్ బేస్ తీగ లాగి వదిలితే చెక్క మోగడం కూడా వినపడుతుంది. నా దగ్గర ఇవే ఆల్బమ్‌ల పాత సీడీలు కొన్ని ఉన్నాయి, పక్కపక్కన పెట్టి వింటే సీడీలో డ్రమ్స్ మీది ఇత్తడి తాళాల (సింబల్స్) చప్పుడు చెవిలో గుచ్చుకుంటుంది, ఇందులో గుచ్చుకోదు. అయితే ఒక్క లోపాన్ని ఏ కెవిన్ గ్రే కూడా బాగుచేయలేడు. వాన్ గెల్డర్ రికార్డ్ చేసిన పియానో చాలాసార్లు డబ్బాలో పెట్టి మూతేసినట్టు ఉంటుంది. టేపులోనే అలా ఉంది. ఎంత డబ్బు పోసినా అంతే.

అందుకే కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను టోన్ పొయెట్ చెప్పను. అదే కంపెనీ క్లాసిక్ సిరీస్‌లో వచ్చిన కెన్నీ బరెల్ 'మిడ్‌నైట్ బ్లూ' కొనండి, అందులో పియానోనే లేదు! గిటారు, శాక్సాఫోన్, బేస్, డ్రమ్స్, పక్కన చేత్తో వాయించే కాంగా డ్రమ్ము. 1963 నాటిది, ఇంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో చేసిందే. క్లాసిక్ సిరీస్ గాడి కూడా కెవిన్ గ్రేనే చెక్కుతాడు, జర్మనీలో అచ్చు వేస్తారు, అట్ట మామూలుగా ఉంటుంది, పది డాలర్ల దాకా తక్కువ. రాత్రి లైట్లు ఆర్పి వింటే తేడా ఏమిటో నాకైతే చెప్పడం కష్టం. పేరున్న ఆల్బమ్‌లు క్లాసిక్‌లో, మరుగున పడ్డవి టోన్ పొయెట్‌లో కొనుక్కోవడం నా పద్ధతి.

ఒక్కదానికి మాత్రం ఈ లెక్క వర్తించదు. 'చెట్ బేకర్ సింగ్స్'. 1954లో చిన్న రికార్డుగా ఎనిమిది పాటలతో వచ్చి, 1956లో మరో ఆరు చేర్చి పెద్దదైంది, టోన్ పొయెట్‌లో మోనోలోనే, అంటే రెండు స్పీకర్లలోనూ ఒకటే శబ్దం వచ్చేలా ఇచ్చారు. మోనో అంటే పాతకాలం అనుకుని మొదట ఆగాను, అది నా తెలివితక్కువతనం. గొంతు సరిగ్గా రెండు స్పీకర్ల మధ్య నిలబడుతుంది, ఊపిరి తీసుకోవడం కూడా వినపడుతుంది. గుంటూరు నుంచి వచ్చిన మా అత్తగారు వంటింట్లోంచి వచ్చి "ఈ అబ్బాయికేమైనా జలుబా?" అన్నారు. రెండో వైపు తిప్పేసరికి కుర్చీ లాక్కుని కూర్చుని "మన ఏ.ఎం. రాజాలా గొంతు పెంచకుండానే పాడుతున్నాడు, బాగుంది" అన్నారు. నేను చదివిన రివ్యూలన్నిటికంటే ఈ మాటే కరెక్టుగా ఉంది.

ఫిర్యాదు కూడా చెప్పాలి కదా. నలభైలో మూడు తేడా వచ్చాయి. ఒకటి వంగి వచ్చింది. ఇంకోదానికి మధ్య కన్నం కాస్త పక్కకు పడింది, అలా పడితే పియానో స్వరం సాగి సాగి ఊగుతుంది, గొంతయితే అంత తెలియదు గానీ పియానోకి భరించలేం. కొన్న షాపువాడు "మీ ప్లేయర్ చూసుకోండి సార్" అని రెండు వారాలు తిప్పించాడు, చివరికి వీడియో తీసి పంపితే మార్చాడు. మూడోదానికి అట్ట మూల నలిగింది, దాన్ని పట్టించుకోలేదు.

ఇక 100 డాలర్లు పైబడిన పెట్టెల గురించి. నంబరు వేసి, ఇన్నే ప్రతులు అని చెప్పి అమ్ముతారు, నేనూ ఒకటి కొన్నాను, సంగీతం కంటే పెట్టె బరువు ఎక్కువగా గుర్తుంది. 2022లో మొబైల్ ఫిడెలిటీ అనే రికార్డుల కంపెనీ గొడవ గుర్తుందా? నేరుగా టేపు నుంచే చెక్కారని జనం నమ్మిన చాలా రికార్డుల్లో మధ్యలో డిజిటల్ మెట్టు ఒకటుందని ఆ కంపెనీ ఇంజినీర్లే చెప్పారు, కోర్టు దాకా వెళ్లింది. తమాషా ఏమిటంటే అప్పటిదాకా ఆ రికార్డులనే ఆహా ఓహో అన్నాం, ఏ చెవీ కనిపెట్టలేదు. బాగోలేవని కాదు, చెప్పాల్సింది సరిగ్గా చెప్పకుండా డబ్బు తీసుకున్నారన్నదే కోపం. అప్పటి నుంచి ఎవరు చెక్కారు, దేని నుంచి చెక్కారు, ఎక్కడ అచ్చు వేశారు అన్నవి చూడకుండా కొనడం మానేశాను. 180 గ్రాముల బరువు అన్న స్టిక్కర్ చూసి కొనడమైతే ఎప్పుడో మానేశాను, బరువుతో పాట మారదు.

ఎడిసన్ చుట్టుపక్కల ఉండి కొనేముందు ఒకసారి వినాలనుకునేవాళ్లు వచ్చేయండి, ఫిల్టర్ కాఫీ ఇస్తాను. ముల్లు మాత్రం నేనే పెడతాను, ఎవరినీ ముట్టుకోనివ్వను.