ఇంటెల్ ఐ350-టీ4 నాలుగు పోర్టుల నెట్‌వర్క్ కార్డు: రెండేళ్లు లినక్స్ సర్వర్‌లో వాడాక

రెండేళ్లుగా రాత్రీ పగలూ నడుస్తున్న కార్డు గురించి రాస్తున్నా, నిన్న కొని ఇవాళ రాసేది కాదు. ఒకే కార్డు మీద నాలుగు గిగాబిట్ పోర్టులు. స్లాట్‌లో పెట్టి ఆన్ చేశా అంతే, డ్రైవర్ వెతుక్కునే పనే లేదు, దీని ఐజీబీ డ్రైవర్ లినక్స్ కెర్నల్‌తోనే (సిస్టమ్ గుండెకాయ లాంటిది) వస్తుంది కాబట్టి డెబియన్ అయినా ఉబుంటు అయినా నాలుగూ వెంటనే కనిపిస్తాయి.

పోర్టుల పేర్లు ఈఎన్‌పీ3ఎస్0ఎఫ్0 నుంచి ఎఫ్3 దాకా వచ్చాయి. పీ తర్వాతది బస్ (మదర్‌బోర్డు మీద కార్డు కనెక్ట్ అయ్యే దారి) నంబర్, ఎస్ అంటే స్లాట్, చివరి ఎఫ్ మన పోర్టు. వేరే కార్డు ఇంకోటి పెడితే బస్ నంబర్ మారిపోయి పేర్లు కూడా మారొచ్చు, అందుకే నేను నెట్‌ప్లాన్‌లో (నెట్‌వర్క్ సెట్టింగులు రాసుకునే చోటు) పేరు బదులు మ్యాక్ అడ్రస్‌తో (ఒక్కో పోర్టుకి ఉండే సొంత నంబర్) మ్యాచ్ పెట్టుకున్నా. ఏ పోర్టు ఏదో తెలియకపోతే ఎథ్‌టూల్ అనే కమాండ్‌కి మైనస్ పీ ఇచ్చి పోర్టు పేరు కొట్టండి, ఆ పోర్టు లైటు మిణుకుమిణుకుమంటుంది. ర్యాక్ వెనక వైర్ల గుట్టలో ఇది ఎంత సాయమో చేసినవాళ్లకే తెలుసు.

ఇక నాకు ఒక రోజంతా పట్టిన విషయం. మొదటి పోర్టు మెయిన్ నెట్‌వర్క్‌కి, రెండోది బ్యాకప్ నెట్‌వర్క్‌కి ఇచ్చి రెండిటికీ గేట్‌వే (బయటి నెట్‌వర్క్‌లకి దారి చూపే రూటర్ అడ్రస్) పెట్టేశా. బయటి నెట్‌వర్క్ నుంచి రెండో ఐపీకి ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యేది) కొడితే అస్సలు కనెక్ట్ అవట్లా, కార్డే పాడయ్యిందనుకుని తీసి మళ్లీ పెట్టా, కేబుల్ మార్చా, చివరికి టీసీపీడంప్ (వచ్చే పోయే ప్యాకెట్లు చూపించే టూల్) పెట్టి చూస్తే ప్యాకెట్ రెండో పోర్టులో చక్కగా వస్తోంది, జవాబు మాత్రం మొదటి పోర్టులోంచి వెళ్తోంది, దాన్ని మధ్యలో ఫైర్‌వాల్ పడేస్తోంది. లినక్స్ జవాబు పంపేటప్పుడు ఏ పోర్టులో వచ్చిందని చూడదు, ఎవరికి పంపాలో చూసి రూటింగ్ టేబుల్ (ఏ అడ్రస్‌కి ఏ దారో చెప్పే పట్టిక) ప్రకారం పంపేస్తుంది. కార్డు తప్పేం లేదు. రెండో పోర్టుకి వేరే రూటింగ్ టేబుల్ చేసి, దాని గేట్‌వే అందులో పెట్టి, ఈ ఐపీ నుంచి వెళ్లేవన్నీ ఈ టేబుల్ చూడాలి అని ఐపీ రూల్ ఒకటి రాశా, కుదిరింది. ఆర్‌పీ ఫిల్టర్ (ప్యాకెట్ సరైన పోర్టులోంచే వచ్చిందా అని చూసే కెర్నల్ సెట్టింగ్) 1 మీద ఉంటే ఇలాంటి చోట ప్యాకెట్లు చప్పుడు లేకుండా పోతాయి, 2 చేసుకోండి. అసలు రెండో నెట్‌వర్క్‌లో రూటర్ దాటి వెళ్లే పని లేకపోతే గేట్‌వేనే ఇవ్వొద్దు, అదే హాయి.

మిగతా రెండు పోర్టులు బాండ్ చేశా, అంటే రెండిటినీ కలిపి ఒక్కటిగా వాడటం, 802.3ఏడీ మోడ్, దీనికి స్విచ్‌లో కూడా ఎల్ఏసీపీ (పోర్టులు కలపడానికి రెండు వైపులా మాట్లాడుకునే పద్ధతి) ఆన్ చెయ్యాలి. స్పీడు డబుల్ అవుతుందనుకుని పెద్ద ఫైల్ ఒకటి కాపీ చేసి చూస్తే సెకనుకి 110 ఎంబీ దగ్గరే ఆగింది, ఎందుకంటే ఒక కనెక్షన్ మొత్తం ఒకే వైరు మీద పోతుంది. చాలామంది ఒకేసారి లాగుతున్నప్పుడే రెండు వైర్లూ పనికొస్తాయి, హ్యాష్ పాలసీ (ఏ కనెక్షన్ ఏ వైరు మీద పోవాలో తేల్చే సెట్టింగ్) లేయర్3+4 పెడితే పంపకం ఇంకాస్త బాగుంటుంది. కానీ ఎస్ఎస్‌హెచ్ నడుస్తుండగా ఒక వైరు పీకేసి చూశానండీ, సెషన్ తెగలేదు, అదొక్కటే చాలు నాకు. స్విచ్‌లో ఎల్ఏసీపీ లేకపోతే యాక్టివ్ బ్యాకప్ మోడ్ (ఒక వైరు పనిచేస్తుంటే రెండోది సిద్ధంగా ఉండేది) పెట్టుకోండి.

దూరం నుంచి మార్పులు చేసేవాళ్లు నెట్‌ప్లాన్ అప్లై కమాండ్ బదులు నెట్‌ప్లాన్ ట్రై వాడండి, 120 సెకన్లలో ఎంటర్ కొట్టకపోతే పాత సెట్టింగ్ తిరిగొస్తుంది. బాండ్ సెట్టింగులకి మాత్రం ఆ భరోసా లేదు, సర్వర్ కన్సోల్ (నెట్‌వర్క్ లేకున్నా వాడగలిగే తెర, కీబోర్డు) అందుబాటులో ఉన్నప్పుడే వాటి మీద చెయ్యి పెట్టండి.

వేరువేరు నెట్‌వర్కులు విడగొట్టుకోవాలన్నా, వైరు తెగినా పని ఆగకూడదన్నా కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. ఒక్క మెషీన్‌కి ఒక్క ఫైల్ ఫాస్ట్‌గా పోవాలంటే మాత్రం ఇది వద్దు, 10 గిగాబిట్ కార్డు చూసుకోండి.