చీము అనుకున్నది రంగు కాదు, పచ్చి రెసిన్: చెన్నైలో రాక్షస బొమ్మలు కొనేవారికి హెచ్చరిక

చెన్నైలో రంగులు వేసి సిద్ధంగా అమ్మే మినియేచర్ బొమ్మలను (బల్ల మీద ఆడే యుద్ధపు ఆటలలో వాడే చిన్న బొమ్మలు), ముఖ్యంగా కుళ్ళి, తుప్పుపట్టి, చీము కారుతున్నట్టు కనిపించే రాక్షసుల రకాన్ని కొనాలనుకుంటున్నవారు డబ్బు పంపేముందు ఇది చదవవలసిందిగా కోరుతున్నాను. గత ఫిబ్రవరిలో నేను అటువంటివి 11 బొమ్మలు 14,500 రూపాయలకు కొన్నాను. మే నెల వచ్చేసరికి వాటిలో పెద్దదాని పొట్ట పగిలింది, లోపలినుంచి గట్టిపడని రెసిన్ (కాంతి తగిలితే ప్లాస్టిక్‌లా గట్టిపడే ద్రవం) కారింది, దానిని తాకిన మా అక్క కొడుకు వేళ్లకు దద్దుర్లు లేచాయి. ఫిర్యాదు ఇంకా నడుస్తున్నది కనుక అమ్మిన వ్యక్తి పేరు ఇక్కడ రాయడం లేదు. పేరు కంటే, అతడు చేసిన పని ఎలా జరుగుతుందో తెలుసుకోవడమే మీకు ఎక్కువ ఉపయోగం.

మేము ఐదుగురం తెలుగువాళ్లం. నెలకు రెండు ఆదివారాలు పెరంబూరులో ఒక మిత్రుని ఇంటి మేడ మీద కలిసి ఇటువంటి బొమ్మలతో కథ అల్లుకుంటూ ఆడుకుంటాం. వేసవి సెలవులనాటికి మా కథలోకి ఒక రోగాల సైన్యం రావలసి ఉంది. గేమ్స్ వర్క్‌షాప్ అనే బొమ్మల ఆటల కంపెనీ వారి ఆటలలో నర్గల్ అనే వ్యాధుల దేవునికి ఉండే సైన్యం వంటిదే ఇది కూడా: ఉబ్బిన పొట్టలు, ఊడిన దవడలు, బయటికి వేలాడే పేగులు, మొద్దుబారిన తుప్పు కత్తులు. మామూలు సైనికులకు నేను రంగులు వేసుకోగలను గాని, కుళ్ళును చూసినవారు నమ్మేటట్టు వేసే నేర్పు నాకింకా చేతికి రాలేదు. అందుకని ఆ పని బాగా చేస్తాడని పేరున్న ఒకరికి అప్పగించాను. అతడు తెలుగులో మాట్లాడాడు, "అన్నా, మనవాళ్లకి తక్కువకే చేస్తాను" అన్నాడు, పంపిన ఫొటోలు అద్భుతంగా ఉన్నాయి. బొమ్మలన్నీ కంపెనీ డబ్బాలో వచ్చిన అసలు ప్లాస్టిక్‌వేనని రాతపూర్వకంగా చెప్పాడు. సగం సొమ్ము ముందుగా, మిగిలినది పార్సెల్ పంపే రోజున ఇచ్చాను.

బొమ్మలు చేరిన రోజున అందరం మెచ్చుకున్నామనే చెప్పాలి. పెద్ద రాక్షసి పొట్ట మీద పచ్చని చారలు, వాటి నడుమ పసుపు పుండ్లు, ఒక పుండు నుంచి కిందికి జారుతున్న నిగనిగలాడే చీము బొట్టు. డబ్బా తెరిచినప్పుడు ముక్కుకు ఒక ఘాటైన, కొంచెం తియ్యటి వాసన తగిలింది. అడిగితే వార్నిష్ వాసన అని, రెండు రోజుల్లో పోతుందని చెప్పాడు. పది రోజులైనా అది పోలేదు. ఆపై ఒక చిన్న బొమ్మ కొమ్ము విరిగితే ప్లాస్టిక్ జిగురు పెట్టాను, అది అంటుకోలేదు. మళ్లీ పెట్టాను, మళ్లీ ఊడిపోయింది.

ఈ చిన్న విషయం దగ్గరే నేను ఆగి ఆలోచించవలసింది. మినియేచర్ డబ్బాలలో చట్రాలకు అతుక్కుని వచ్చే ముక్కలు పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్. వాటి కోసం అమ్మే పలచని జిగురు అంటుకునే పదార్థం అన్న మాటకంటే కరిగించే ద్రవం అంటేనే సరిపోతుంది, ఎందుకంటే అది రెండు ముక్కల అంచులనూ కరిగించి ఒక్కటిగా కలిపేస్తుంది. రెసిన్ మీద దానికి పట్టు ఉండదు. రెసిన్‌కు సూపర్ గ్లూ కావాలి. అంటే నా చేతిలో ఉన్నది అసలు ప్లాస్టిక్ కాదన్న సాక్ష్యం నా కళ్లముందే ఉంది. ఆట దగ్గరపడుతున్నదన్న తొందరలో సూపర్ గ్లూ పెట్టి ఊరుకున్నాను. ఆ రోజే అడిగి ఉంటే పిల్లవాడి చేతులదాకా వచ్చేది కాదని ఇప్పటికీ బాధపడుతున్నాను.

మే రెండో వారంలో, కరెంటు పోయి గది ఉడికిపోయిన ఒక మధ్యాహ్నం తర్వాత, బీరువా అద్దాల వెనుక ఉన్న పెద్ద రాక్షసి పొట్ట మీది చీము బొట్టు ఇంకొంచెం కిందికి దిగినట్టు అనిపించింది. నా భ్రమ అనుకున్నాను. మర్నాటికి బొమ్మ నిలబడిన పీట మీద రూపాయి బిళ్లంత మడుగు కట్టింది. పద్నాలుగేళ్ల మా అక్క కొడుకు, "మామయ్యా, ఇది నిజంగానే కారుతోంది" అంటూ వేలితో తుడిచి చూపించాడు. రంగు వేసిన చీము పక్కనే సన్నని పగులు విచ్చుకుని ఉంది, దానిలోనుంచి తేనెలా చిక్కని ద్రవం వస్తున్నది. రంగు చీముకూ ఆ ద్రవానికీ కంటికి తేడా లేదు. బొమ్మ అందంగా ఉన్న సామాన్య సైనికుడైతే ఆ మరకను మొదటిరోజే పట్టుకునేవాళ్లం. కుళ్ళు బొమ్మ కావడంవల్ల, లోపమే అలంకారంగా కనిపించి, ఎన్ని రోజులుగా కారుతున్నదో కూడా మాకు తెలియలేదు.

చేతికి తొడుగులు వేసుకుని, పాత రంపపు బ్లేడుతో కోసి చూశాను. బొమ్మ లోపల బోలు. గోడ మందం రెండు మిల్లీమీటర్లు కూడా లేదు. ఆ బోలులో పచ్చి రెసిన్ అట్టే నిలిచిపోయి ఉంది. ఎక్కడా బయటికి పోయే రంధ్రం లేదు.

ఇది ఎలా జరుగుతుందో తెలియనివారికోసం కొంచెం వివరంగా చెబుతాను. ఇళ్లలో వాడే రెసిన్ ప్రింటర్ ఒక తొట్టిలోని ద్రవాన్ని, సాధారణంగా 405 నానోమీటర్ల కాంతితో, పొరపొరగా గట్టిపరుస్తూ బొమ్మను తయారుచేస్తుంది. ఒక్కొక్క పొర తరచుగా 0.05 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. పెద్ద బొమ్మలను రెసిన్ ఆదా కోసం బోలుగా చేస్తారు. అందులో తప్పేమీ లేదు, కాని లోపల చిక్కుకున్న ద్రవం కారిపోవడానికి కిందివైపు కనీసం రెండు రంధ్రాలు వదలాలి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో లోపలా బయటా కడగాలి, బాగా ఆరనివ్వాలి, ఆ తర్వాత అతినీలలోహిత కాంతిలో ఉంచి పూర్తిగా గట్టిపరచాలి. ఇంత చేశాకే ప్రైమర్, అంటే రంగు పట్టేందుకు ముందుగా వేసే పూత. ఈ పనులు ఎగ్గొట్టి పైన రంగు వేస్తే, ఆ రంగే లోపలికి వెలుతురు పోకుండా అడ్డుపడుతుంది కనుక, లోపలి ద్రవం నెలల తరబడి ద్రవంగానే ఉండిపోతుంది. అది గోడలను లోపలినుంచి మెత్తబరచి, ఎక్కడ పలచగా ఉంటే అక్కడ పగుల్చుకుని బయటికి వస్తుంది. ఆలస్యంగా బయటపడే లోపం ఇది. అమ్మినవాడు డబ్బు తీసుకున్న ఎంతోకాలానికి, కొన్నవాడి ఇంట్లో పగులుతుంది.

గట్టిపడని రెసిన్ చర్మానికి మంచిది కాదు. అందులోని అక్రిలేట్ రసాయనాలు మంట పుట్టిస్తాయి. అంతకంటే పెద్ద ప్రమాదం ఏమిటంటే, పదేపదే తాకితే కొందరికి జీవితాంతం ఉండే అలర్జీగా మారవచ్చు. మా పిల్లవాడి వేళ్లను వెంటనే సబ్బునీళ్లతో కడిగించాం, మర్నాడు చర్మవైద్యురాలికి చూపించాం, వారం రోజుల్లో తగ్గింది. ఇటువంటిది మీ ఇంట్లో జరిగితే స్పిరిటుతోనో ఆల్కహాల్‌తోనో చేతులు తుడవకండి, ఆల్కహాల్ రెసిన్‌ను పలచబరచి చర్మం మీద ఇంకా పరుస్తుంది. కారిన ద్రవాన్ని సింకులో పోయకూడదు. కాగితంతో అద్ది, ఆ కాగితాన్ని మేడ మీద ఎర్రటి ఎండలో పూర్తిగా గట్టిపడేదాకా ఉంచి, ఆ తర్వాతే పారవేయాలి. చెన్నై ఎండ ఈ ఒక్క పనికి బాగా అక్కరకొస్తుంది.

చిన్న బొమ్మల సంగతి వేరు. వాటిలో ద్రవం లేదు, కాని గోటితో గీస్తే రంగు పెచ్చులుగా లేచి వచ్చింది. కింద ప్రైమర్ లేదు, కడగని రెసిన్ జిడ్డు మాత్రం ఉంది. ముఖాల మీద ముద్దగా పూసిన గరుకు పదార్థాన్ని తొలగిస్తే ప్రింటర్ పొరల గీతలు మెట్లమెట్లుగా బయటపడ్డాయి. అప్పుడు నాకు అతడి పద్ధతి మొత్తం అర్థమైంది. తుప్పు, బురద, చీము అన్నవి అతడికి బొమ్మను సజీవం చేసే రంగులు కావు, దోషాలను కప్పే గుడ్డలు.

నిజంగా తెలిసినవారు వేసే కుళ్ళుకు ఒక క్రమం ఉంటుంది, దానిని గుర్తుపట్టడం నేర్చుకుంటే మోసం సగం అక్కడే ఆగుతుంది. బీసెంట్ నగర్‌లో సముద్రానికి ఎదురుగా ఉన్న ఏ ఇంటి ఇనుప గేటునైనా దగ్గరగా చూడండి. తుప్పు దాని మీద ఒకే తీరుగా పరుచుకుని ఉండదు. నీరు నిలిచే అతుకుల దగ్గర ముదురు గోధుమరంగులో, అంచుల దగ్గర ప్రకాశమైన నారింజరంగులో ఉంటుంది, అక్కడినుంచి సన్నని చారలుగా నేలవైపు దిగుతుంది. చెయ్యి తగిలే చోట మాత్రం ఇనుము మెరుస్తూ ఉంటుంది. మంచి చిత్రకారుడు కత్తి మీద ఇదే చేస్తాడు: ముందు ముదురు గోధుమ, దానిమీద స్పాంజి ముక్కతో అద్దిన నారింజ చుక్కలు మొదటిదానికంటే తక్కువ చోట, చివరగా పదును అంచున వెండి గీత. గేమ్స్ వర్క్‌షాప్ వారి సిటడెల్ రంగులలో టైఫస్ కరోజన్ అనే సన్నని రేణువులున్న గోధుమరంగు, దానిపై రైజా రస్ట్ అనే నారింజ ఇందుకే వాడతారు. రాగి, ఇత్తడి ఆభరణాలకు చిలుము పట్టించాలంటే లేత నీలిపచ్చ రంగును పలచగా గుంటలలోకే వదులుతారు. మెరుపు కూడా అన్నిచోట్లా ఉండదు. నోరు, పేగు, పుండు వంటి తడి భాగాలకు మాత్రమే నర్గల్స్ రాట్ వంటి నిగనిగలాడే రంగో వార్నిషో వేసి, ఎండిన చర్మాన్ని, ఎముకను, గుడ్డను మెరుపు లేకుండా వదిలేస్తారు. ఆ తేడావల్లే తడి తడిగా, పొడి పొడిగా కనిపించి, చూసేవాడికి ఒళ్లు జలదరిస్తుంది. నా బొమ్మల ఫొటోలను ఇప్పుడు మళ్లీ చూస్తే, తలనుంచి పాదందాకా ఒకే గోధుమ వాష్ (గుంటలలోకి పారే పలచని రంగు) పోసి, ఒకే మెరుపు పూసి ఉన్నట్టు స్పష్టంగా తెలుస్తున్నది. ముఖం, మోకాలు, కత్తి, కాలికింది నేల, అన్నీ ఒకే బురదలో ముంచి తీసినట్టున్నాయి.

కాబట్టి కొనేముందు పూర్తయిన బొమ్మ ఫొటోతో తృప్తిపడకండి. రంగు వేయని బొమ్మ ఫొటో ఒకటి, ప్రైమర్ వేసిన తర్వాతది ఒకటి, పగటి వెలుతురులో తీసినవి, మీ పేరు రాసిన చీటీ పక్కన పెట్టి పంపమని అడగండి. నిజాయితీగా పనిచేసేవారు ఎలాగూ మధ్యలో ఫొటోలు తీసుకుంటారు కనుక వారికిది భారం కాదు. అసలు ప్లాస్టిక్ అంటే ముక్కలు చట్రంలో ఉండగా తీసిన ఫొటో చూపించమనండి. రెసిన్ ప్రింటు అని నిజం చెబితే అందులో తప్పు పట్టవలసినది లేదు, నేను కూడా మంచి ప్రింట్లు కొన్నాను. అయితే పెద్ద బొమ్మ బోలా, గట్టిదా, బోలైతే రంధ్రాలు ఎక్కడ వదిలారు, లోపల ఎలా కడిగారు అని అడిగి, సమాధానాన్ని రాతలో ఉంచుకోండి. చేతికి వచ్చాక, పాదాల అడుగున, పీటకు అతికించిన చోట వేలితో తాకి చూడండి. జిగటగా ఉంటే, వాసన వారం దాటినా పోకపోతే అది వార్నిష్ కాదు. ద్రవం చిక్కగా ఉంటుంది కనుక కుదిపినప్పుడు శబ్దం రాలేదని ధైర్యపడకండి.

అమ్మిన వ్యక్తికి కోసిన బొమ్మ ఫొటోలు పంపాను. మొదట చెన్నై ఉక్కపోతవల్ల వార్నిష్ చెడిందన్నాడు. తేమ గాలిలో స్ప్రే వార్నిష్ కొడితే తెల్లగా మసకబారుతుందన్నది నిజమే, ఇక్కడ అక్టోబరు, నవంబరు వానల్లో అందరికీ అనుభవమే. కాని తేమకు పొట్ట పగిలి లోపలినుంచి ద్రవం రాదు. తర్వాత, "చీము కావాలని మీరే కదా అడిగారు" అన్నాడు. పిల్లవాడి చేతుల ఫొటో పంపాక సమాధానాలు ఆగిపోయాయి, నా నంబరును బ్లాక్ చేశాడు.

నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలైలో అమలులోకి వచ్చాక, అమ్మినవారు ఎక్కడున్నా మనం నివసించే చోటే ఫిర్యాదు చేయవచ్చు, చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపు ఉంటే రుసుము లేదు, కారణం ఏర్పడిన నాటినుంచి రెండేళ్ల గడువు ఉంది. రాతలో జరిగిన మాటలు, రశీదులు, ఫొటోలు దాచుకున్నందువల్లే నేను ఈ దారిలో నడవగలుగుతున్నాను. ఫోన్‌లో మాత్రమే మాట్లాడుకుని నగదు ఇచ్చి ఉంటే చేతిలో ఏమీ ఉండేది కాదు.

కోసిన రాక్షసిని రెండు ప్లాస్టిక్ సంచులలో మూటకట్టి, పిల్లలకు అందనిచోట సాక్ష్యంగా ఉంచాను. ఈ సంవత్సరం ఫిబ్రవరి, ఏప్రిల్ మధ్య చెన్నైలో ఎవరి దగ్గరైనా పొట్ట ఉబ్బిన పెద్ద రాక్షసిని, పచ్చని చారలు, ఎడమవైపు మూడు పసుపు పుండ్లు ఉన్నదానిని కొన్నవారు ఉంటే, దయచేసి ఈ రోజే తొడుగులు వేసుకుని, పుండ్ల చుట్టూ పగుళ్లు ఉన్నాయేమో టార్చిలైటు వెలుగులో చూడండి. పగులు కనిపిస్తే తుడవకుండా ముందు ఫొటో తీయండి.