ఈబర్డ్ యాప్: కాపరి చెప్పిన మాటకు ఇందులో చోటెక్కడ?

పిట్టల లెక్కలు రాసుకోవడానికి ఈబర్డ్ చాలా మంచి యాప్. అమెరికాలోని కార్నెల్ ల్యాబ్ అనే పక్షుల పరిశోధన సంస్థ 2002లో మొదలుపెట్టింది, పైసా ఖర్చు లేదు. కర్నూలు వైపు రోళ్లపాడు గడ్డిబీళ్లలో, కడప జిల్లా లంకమల అడవి అంచుల్లో తిరిగే కాపరులు, వేటగాళ్లు, చెంచు పెద్దలు చెప్పే పిట్టల వింత నడవడికను రాసిపెట్టడానికి ఇది ఏ మేరకు పనికొస్తుందన్నదే ఇక్కడ ప్రశ్న.

ఆ మాటల విలువకు కలివి కోడే సాక్ష్యం. 1900 తర్వాత శాస్త్రవేత్తల కంటపడని ఆ పిట్ట 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర దొరికింది. పట్టి చూపింది అక్కడి వేటగాడే, అదీ రాత్రిపూట. కలివి పొదల నీడన తిరిగే కోడి అని ఊళ్లో దానికి పేరు కూడా ఉంది. ఆస్ట్రేలియా ఉత్తర ప్రాంతంలోనూ అంతే. నల్ల గద్దలు మండే పుల్లలు మోసుకెళ్లి కొత్తచోట నిప్పు పెడతాయని అక్కడి ఆదివాసులు ఎప్పటినుంచో చెబుతున్నారు. వాళ్ల మాటలు ఆధారంగా తీసుకున్న పరిశోధన పత్రం 2017లో గానీ రాలేదు.

ఇక యాప్ సంగతి. బయల్దేరే ముందే వైఫైలో మన ప్రాంతం ప్యాక్ (అక్కడి పిట్టల జాబితా) దించుకోవాలి. లంకమలలో సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ నడుస్తుంది, చెక్‌లిస్ట్, అంటే ఆ పూట చూసిన పిట్టల పట్టీ, ఫోన్‌లోనే భద్రంగా ఉంటుంది, ఊళ్లోకి వచ్చాక పంపొచ్చు. ఎలా చూశామో కూడా ఎంచుకోవాలి: గూడు దగ్గర ఒకేచోట కూర్చుంటే ‘స్టేషనరీ’, నడుస్తూ చూస్తే ‘ట్రావెలింగ్’, వేరే పనిమీద పోతూ చూస్తే ‘ఇన్సిడెంటల్’. ఇంతవరకు బాగుంది.

చిక్కు వచ్చేది నడవడిక దగ్గర. పిట్ట ఏం చేస్తోందో గుర్తించడానికి యాప్‌లో ఉన్న కోడ్‌లు దాదాపు అన్నీ జత కట్టడం, గూడు, గుడ్లు, పిల్లల చుట్టూ తిరిగేవే. మన కొండల్లో గడ్డి తగలబడుతున్నప్పుడు నల్ల గద్ద పుల్ల పట్టుకొని ఎగిరిందనుకోండి. చేతికి అందే కోడ్ ‘గూటి సరుకు మోయడం’ ఒక్కటే. దాన్ని నొక్కితే ఆ వింత కాస్తా మామూలు గూడు కట్టడం కింద జమ అవుతుంది. గద్దలు గూళ్లు కట్టే కాలం, కొండలు అంటుకునే కాలం చాలావరకు ఒకటే కాబట్టి తర్వాత ఎవరూ అనుమానించరు కూడా. కోడ్ ఖాళీగా వదిలి, ఆ పిట్ట కింద ఉన్న కామెంట్ల గడిలో రాయడమే సరైన దారి. పుల్ల మండుతోందా, ఆరిపోయిందా, మంటకు ఎంత దూరంలో తీసింది, ఎక్కడ వదిలింది, వదిలినచోట పొగ లేచిందా, ఇవన్నీ ఉండాలి.

కామెంట్‌ను రెండు ముక్కలుగా రాయండి: ‘చూసింది’, ‘విన్నది’. తీతువు పిట్టనే తీసుకోండి. ఎండకాలం అది కుంటలో పొట్ట తడుపుకొని వచ్చి గుడ్లను చల్లబరుస్తుంది. ఎన్ని నిమిషాల్లో ఎన్నిసార్లు నీళ్లకు పోయి వచ్చిందన్నది మొదటి ముక్క. ‘కడుపు నానబెట్టుకొని పొదుగుతాది’ లాంటి కాపరి మాట ఉంటే అది ఉన్నదున్నట్టు, ఆ యాసలోనే రెండోదానిలోకి పోవాలి. గడి తెలుగు లిపిని చక్కగా తీసుకుంటుంది. బయటి పరిశోధకుల కోసం చివర ఒక వాక్యం ఇంగ్లిష్‌లో జోడిస్తే చాలు.

ఎక్కువమంది చేసే తప్పు ఇంకొకటుంది. మీరు స్వయంగా చూసిన, విన్న పిట్టలకే ఈబర్డ్. పోయినేడు మిరగ కార్తెలో చూశానని పెద్దాయన చెబితే, దానికి జూన్ 10 అని తేదీ ఊహించి ‘హిస్టారికల్’ కింద ఎక్కించకూడదు. ఆ విభాగం తేదీ తెలిసిన మీ పాత పరిశీలనలకు. కార్తె అంటే రెండు వారాలు. ఆ రెండు వారాలనూ అలాగే నోటుపుస్తకంలో రాసుకోండి. పెద్దాయనే తీసుకెళ్లి పిట్టను చూపిస్తే అప్పుడు చెక్‌లిస్ట్‌లో పెట్టొచ్చు.

కామెంట్లు అందరికీ కనిపిస్తాయి. అడగకుండా మనిషి పేరు రాయొద్దు. వలలు, ఉచ్చుల మాటలు అసలే రాయొద్దు, చెప్పినవాళ్లకే చుట్టుకుంటుంది.

కూత రికార్డు చేస్తే వేవ్ (WAV) ఫైల్ మేలు. కూతకు ముందు 3 సెకన్లు, తర్వాత 3 సెకన్లు వదిలి కత్తిరించండి, గాలిమోత తీసేసే ఫిల్టర్ల జోలికి పోవద్దు. కలివి కోడి కోసం మాత్రం రికార్డు చేసిన కూత వినిపించి పిలవకండి. పొద్దుగూకాక కాసేపే పలికే పిట్ట, దాన్ని కలవరపెట్టినట్టవుతుంది.

పిట్టల లెక్కకు ఐదుకు ఐదు. పెద్దల మాట దాచడానికి మూడు, అదీ పక్కన నోటుపుస్తకం ఉంటేనే. గూటితో సంబంధం లేని ఇలాంటి వింత నడవడికకు ఒక్క కోడ్ చేరిస్తే నాలుగు ఇవ్వొచ్చు.