అల్లాయ్ చక్రాలు కొనేవారికి హెచ్చరిక: పాత బోల్టులతోనే బిగిస్తామంటే ఒప్పుకోకండి

కారుకు బయటి దుకాణంలో అల్లాయ్ చక్రాలు వేయించుకోవాలనుకుంటున్నవారు, ఈమధ్యే వేయించుకున్నవారు దయచేసి ఇది పూర్తిగా చదవండి. గత నెలలో హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తుండగా మా కారు ఎడమవైపు ముందు చక్రం ఊడిపోయే స్థితికి వచ్చింది. కారులో మా అమ్మ, నా భార్య, ఐదేళ్ల పాప ఉన్నారు. తప్పు రోడ్డుది కాదు, టైరుది కూడా కాదు. చక్రాన్ని పట్టి ఉంచే ఐదు బోల్టులు ఆ చక్రానికి సరిపడేవి కావు.

మాది ఫోక్స్‌వ్యాగన్ పోలో. కంపెనీ ఇచ్చిన ఇనుప చక్రాల స్థానంలో పెట్టించడానికి నగరంలోని ఒక టైర్ల దుకాణంలో నాలుగు అల్లాయ్ చక్రాలు కొన్నాను. సాయంత్రం రద్దీ వేళ ఇద్దరు కుర్రవాళ్లు పాత చక్రాలు విప్పి, కొత్తవాటికి టైర్లు ఎక్కించి, బ్యాలెన్సింగ్ చేసి, విప్పిన బోల్టులనే మళ్లీ పెట్టి గాలి గన్నుతో బిగించేశారు. ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానా, అంటే టార్క్ రెంచ్, ఎవరి చేతిలోనూ కనిపించలేదు. యాభై, వంద కిలోమీటర్లు తిరిగాక ఒకసారి వచ్చి బిగువు చూపించుకోమని కూడా చెప్పలేదు. బిల్లులో చక్రాల ధర ఉంది, బిగింపు కూలి ఉంది, బోల్టుల ఊసే లేదు. ఆ లోటు పట్టుకోవడానికి అప్పటికి నాకు విషయం తెలియదు.

మూడు రోజుల తర్వాత తెల్లవారుజామున బయలుదేరాం. పంతంగి టోల్ గేటు దాటాక స్టీరింగ్‌లో సన్నని వణుకు మొదలైంది. బ్యాలెన్సింగ్ సరిగా కుదరలేదేమో, తిరిగి వచ్చాక చూపిద్దాం అనుకున్నాను. కొర్లపహాడ్ టోల్ గేటు దగ్గర వరుసలో నెమ్మదిగా కదులుతుంటే ఎడమవైపు నుంచి టక్, టక్ అని, చక్రం ఒక చుట్టు తిరిగినప్పుడల్లా ఒకసారి చప్పుడు వినబడింది. వేగం పెంచగానే అది రోడ్డు హోరులో కలిసిపోయింది. అక్కడే పక్కకు ఆపి చూడవలసింది; నేను సూర్యాపేట వరకు నడిపాను. ఆ పొరపాటు మీరు చేయకండి.

సూర్యాపేటలో రోడ్డు పక్కన టైర్ల పని చేసే ఒక పెద్దాయన చక్రం ముందు కూర్చుని, పానా పెట్టకముందే వేళ్లతో బోల్టులు తిప్పి చూశాడు. రెండు అలాగే తిరిగి బయటికి వచ్చేశాయి. ఒకదాని తల తెగిపోయి, మొండెం హబ్‌లోనే (చక్రాన్ని బిగించే, దానితోపాటు తిరిగే ఇరుసు చివరి భాగం) ఇరుక్కుని ఉంది. చక్రం విప్పాక ఆయన ఒక బోల్టును అరచేతిలో పెట్టి చూపించాడు. తల కింది భాగం గోలీ కాయలాగా గుండ్రంగా ఉంది. చక్రంలో అది కూర్చోవలసిన గూడు మాత్రం గరాటులాగా ఏటవాలుగా ఉంది. గూటి గోడ మీద ఒక సన్నని గీత వెంబడి మాత్రమే లోహం మెరుస్తోంది, చుట్టూ నల్లటి అల్యూమినియం పొడి. "బోల్టులు కంపెనీవి, చక్రం బయటిది. ఇవి ఒకదాన్నొకటి పట్టవు సార్" అన్నాడాయన.

విషయమంతా ఆ మాటలోనే ఉంది. కారు బరువును బోల్టు కాండం మోస్తుందని మనలో చాలామంది అనుకుంటాం. నిజానికి బిగించినప్పుడు బోల్టు స్ప్రింగులాగా రవ్వంత సాగుతుంది. మళ్లీ కుదించుకుపోవాలనే దాని లాగుడే చక్రాన్ని హబ్‌కు అదిమిపెడుతుంది. ఆ రెండు ముఖాల మధ్య పుట్టే రాపిడే చక్రాన్ని కదలనివ్వకుండా పట్టి ఉంచుతుంది. మనం పానాతో పెట్టే బలంలో అధికభాగం తల కింద, మరలలో రాపిడికే ఖర్చయిపోయి, అదిమిపెట్టే పనికి సుమారు పదో వంతే మిగులుతుంది. కాబట్టి తల కింది భాగం, గూడు ఒకే ఆకారంలో ఉండి పూర్తిగా ఆనుకోవడం చాలా ముఖ్యం. గుండ్రటి తలను ఏటవాలు గూటిలో పెడితే సన్నని వలయం మీదే ఒత్తిడి అంతా పడి, అక్కడి మెత్తటి అల్యూమినియం నలిగి లోపలికి దిగుతుంది. అది వెంట్రుకవాసి దిగినా చాలు, బోల్టులో సాగుడు పోతుంది, దానితో పట్టూ పోతుంది. గన్నుతో బిగించిన రోజు గట్టిగానే ఉన్న బోల్టు నాలుగో రోజుకు వదులైపోవడం ఇందువల్లనే.

పట్టు తగ్గాక చక్రం హబ్ మీద అటూ ఇటూ సూక్ష్మంగా జరగడం మొదలవుతుంది. ఇలాంటి అడ్డ కదలికే మరలను తమంతట తామే విప్పుకునేలా చేస్తుందని గెర్హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజనీరు 1969లో ప్రయోగాలతో చూపించాడు. బోల్టుల పట్టును పరీక్షించే ఒక పద్ధతికి నేటికీ ఆయన పేరే ఉంది. మామూలు కుడిచేతి మరలు ఉన్న బండిలో ఎడమవైపు చక్రాలకు ఈ బెడద ఎక్కువ. పూర్వం కొన్ని కార్లకూ లారీలకూ ఎడమవైపు ఎడమచేతి మరలు పెట్టడానికి కారణం అదే.

ఆకారం ఒక్కటే కాదు, హబ్ ముఖం మీద తుప్పు, కొత్త చక్రం మీది దళసరి రంగు, ఇరుక్కున్న మట్టి కూడా నడిచే కొద్దీ నలిగి బిగువును తినేస్తాయి. బయటి అల్లాయ్ దళసరిగా ఉంటే పాత బోల్టు చాలినన్ని మరలు పట్టదు. పోలో హబ్ నడుమ భాగం 57.1 మిల్లీమీటర్లు, బయటి చక్రాల నడిమి రంధ్రం చాలాసార్లు 73.1 ఉంటుంది. ఆ ఖాళీని నింపే ఉంగరం వేయకపోతే చక్రం సరిగ్గా మధ్యలో కూర్చోదు. మా కారుకు ఆ ఉంగరాలు కూడా వేయలేదు.

ఇక నష్టం సంగతి. ఒక బోల్టు వదులైతే దాని భారం పక్కవాటి మీద పడుతుంది, అవి వంగుతూ లేస్తూ అలసిపోయి ఒక్కొక్కటే తెగుతాయి. మా చక్రంలో మూడు రంధ్రాలు కోడిగుడ్డు ఆకారానికి సాగిపోయాయి కాబట్టి ఆ చక్రం ఇక పనికిరాదు. మారుతి, హ్యుందాయ్ కార్లలో హబ్‌కు స్టడ్‌లు (బయటికి పొడుచుకువచ్చిన మరల కడ్డీలు) ఉండి వాటి మీద నట్లు బిగుస్తాయి. పాడైతే స్టడ్‌లు మార్చుకోవచ్చు. పోలోలో మరలు హబ్‌లోనే ఉంటాయి. అవి నలిగిపోవడంతో హబ్, బేరింగ్ రెండూ మార్చవలసి వచ్చింది, బ్రేక్ డిస్క్ కూడా పోయింది. రెండు రోజులు సూర్యాపేటలోనే ఉండిపోయాం. అయినా ఆ వేగంలో చక్రం పూర్తిగా ఊడలేదు, అదే మా అదృష్టం.

దుకాణం వారు మాత్రం గుంటల్లో నడిపినందువల్లే ఇలా అయిందని, బిగువు చూసుకునే బాధ్యత నాదేనని అన్నారు. ఆ బాధ్యత నాదైతే ఆ మాట బిల్లు ఇచ్చిన రోజే చెప్పాలి కదా. లిఖితపూర్వకంగా నోటీసు పంపాను. ఇలాంటిది మీకూ జరిగితే బిల్లు, తెగిన బోల్టు, రంధ్రాల ఫోటోలు, బాగుచేసినవారి రసీదు భద్రపరచండి. వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు రెండేళ్ల గడువు ఉంటుంది.

కొనేముందు అడగవలసిన మొదటి ప్రశ్న, ఈ చక్రం గూడు గుండ్రమా, ఏటవాలా అని. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా కంపెనీ బోల్టులకూ, హోండా కంపెనీ నట్లకూ గుండ్రటి ఆనుడు ఉంటుంది. మారుతి, హ్యుందాయ్ నట్లకు ఏటవాలుగా ఉంటుంది. బయటి అల్లాయ్‌లు ఎక్కువగా ఏటవాలు గూటివే. అమ్మేవాడికి ఈ ప్రశ్న అర్థం కాకపోతే ఆ దుకాణంలో కొనకండి. బోల్టులను ముందు చేత్తో నాలుగైదు చుట్లు తిప్పించి, ఒకదాని తర్వాత పక్కదాన్ని కాకుండా ఎదురుగా ఉన్నదాన్ని బిగిస్తూ పోయి, చివరి బిగువు టార్క్ రెంచ్‌తోనే వేయించండి. పోలోకు అది 120 న్యూటన్ మీటర్లు. మీ కారు లెక్క దాని పుస్తకంలో ఉంటుంది. మరలకు నూనె రాయనివ్వకండి, రాస్తే అదే రెంచ్ లెక్కకు బోల్టు మితిమీరి సాగుతుంది. తర్వాత వంద కిలోమీటర్ల లోపు, చక్రాలు చల్లగా ఉన్నప్పుడు మరోసారి చూపించండి. దారిలో స్టీరింగ్ కొత్తగా వణికినా, నెమ్మదిగా వెళ్తున్నప్పుడు టక్ టక్ వినబడినా, బోల్టు చుట్టూ తుప్పు చారలు కనిపించినా బండి అక్కడే ఆపండి.

ఇంకొక్కటి, ఇది దాదాపు ఎవరూ చెప్పరు. అల్లాయ్‌లకు కొత్త ఏటవాలు బోల్టులు వేయించాక పాతవాటిని దుకాణంలో వదిలేయకండి. డిక్కీలో ఉన్న స్టెప్నీ కంపెనీ ఇచ్చిన ఇనుప చక్రమే కాబట్టి దానికి ఆ గుండ్రటి బోల్టులే కావాలి. ఐదింటిని ఒక గుడ్డ సంచిలో కట్టి జాకీ పక్కనే ఉంచండి.