‘.32’ అనే ఒక్క పేరుతో అమ్ముడవుతున్న కాన్పూరు రివాల్వర్లు: ఏది ఏదో తెలుసుకుని కొనండి

భీమవరం, అమలాపురం ప్రాంతాల్లో రొయ్యల చెరువుల యజమానులు గానీ, బంగారం వ్యాపారులు గానీ, సైన్యంలో పనిచేసి ఇంటికి వచ్చినవారు గానీ ఆత్మరక్షణకు లైసెన్స్ తెచ్చుకుని చేతి తుపాకీ కొనాలనుకున్నప్పుడు వారికి వినిపించే మాట దాదాపు ఒక్కటే: ‘పాయింట్ థర్టీటూ’. .38, 9 ఎంఎం వంటి బోర్లు (గొట్టం లోపలి వ్యాసాలు) నిషిద్ధ బోర్ల జాబితాలో ఉన్నందువల్ల సామాన్య లైసెన్సుదారుకు ప్రధానంగా మిగిలేది ఇదే. అయితే ఆ పేరుతో దుకాణంలో చూపించేవన్నీ ఒకే ఆయుధం కావు. చాలా ఏళ్లుగా కాన్పూరు ప్రభుత్వ కర్మాగారంలో తయారైన రివాల్వర్ వాడుతున్నవాడిగా, కొత్తవారు మోడల్ అడగకుండానే డబ్బు కట్టడం చూస్తుంటే బాధగా ఉంటుంది.

అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసింది తూటా. కాన్పూరు రివాల్వర్లన్నీ ‘.32 స్మిత్ అండ్ వెసన్ లాంగ్’ తూటాను, అంటే 7.65×23 ఎంఎం తూటాను కాలుస్తాయి (మొదటి అంకె మందం, రెండోది కేసు పొడవు). ప్రభుత్వ కర్మాగారాలే తయారుచేసే ‘అశని’ పిస్టల్ కూడా .32 గానే చెలామణి అవుతుంది కానీ, దానిది 7.65×17 ఎంఎం ‘ఏసీపీ’ తూటా. రెండింటినీ బల్ల మీద పక్కపక్కన నిలబెడితే తేడా కంటికి కనిపిస్తుంది: రివాల్వర్ తూటా పొడవుగా ఉండి, అడుగున అంచు బయటికి స్పష్టంగా పొడుచుకు వస్తుంది, పిస్టల్ తూటా పొట్టిగా ఉండి, అంచు చాలా స్వల్పంగా తెలుస్తుంది. పొడవైనది పిస్టల్ మ్యాగజైన్‌లో పట్టదు. పొట్టిది మాత్రం రివాల్వర్ సిలిండర్‌లో, అంటే తూటాలు పెట్టే తిరిగే భాగంలో, దూరిపోయే అవకాశం ఉంది, ప్రమాదమంతా అక్కడే ఉంది, ఎందుకంటే ఏసీపీ తూటా పుట్టించే పీడనం లాంగ్ తూటా కన్నా ఎక్కువ. కాబట్టి పెట్టె మీద ‘.32’ అని చూసి ఊరుకోకుండా, ఆ పక్కన ఉన్న 23, 17 అంకెలను చదివి తీసుకోవాలి.

ఇక రివాల్వర్ల సంగతి. మొదటి మోడల్ రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం వాడిన .38 వెబ్లీ మార్క్ 4 నమూనా మీద తయారైనది. గొళ్లెం నొక్కి గొట్టాన్ని కిందికి వంచితే ఆయుధం కీలు దగ్గర తెరుచుకుని, కాల్చిన తూటాల ఆరు ఖాళీ కేసులూ ఒకేసారి పైకి లేస్తాయి. ‘అన్‌మోల్’ అనే మార్క్ 3 కూడా ఇదే పద్ధతిలోది. 2014లో వచ్చిన ‘నిర్భీక్’ను టైటానియం మిశ్రలోహంతో చేసినందున దాని బరువు దాదాపు 500 గ్రాములే, అప్పట్లో ధర రూ.1,22,360. చేతిసంచిలో పెట్టుకుని తిరిగేవారికి ఇది అనుకూలమే గానీ, బరువు తగ్గేకొద్దీ కాల్చినప్పుడు చేతికి తగిలే ఎదురుదెబ్బ పెరుగుతుందని గుర్తుంచుకోవాలి. 2023లో కాన్పూరు సంస్థ విడుదల చేసిన ‘ప్రబల్’ అన్నిటికన్నా భిన్నమైనది, దీనిలో గొట్టం వంగదు, సిలిండరే పక్కకు తెరుచుకుంటుంది. చట్రం ఒకే ముక్కగా ఉండే ఈ పద్ధతి మీదే నాకు గురి ఎక్కువ.

సెకండ్‌హ్యాండ్‌లో కొనేవారు ఎక్కువగా పాత మోడల్‌నే చూస్తారు. సిలిండర్‌లో తూటాలు పట్టే ఆరు గదులూ ఖాళీగా ఉన్నాయని స్వయంగా నిర్ధారించుకున్నాక, ఒక చేత్తో పిడిని, మరో చేత్తో గొట్టాన్ని పట్టుకుని అటూ ఇటూ కదిపి చూడండి. గొళ్లెం దగ్గర లొడలొడలాడితే ధర ఎంత తక్కువైనా వద్దు. లైసెన్స్ ఉన్న ఒకరి నుంచి మరొకరు కొనడానికి ముందు అమ్మేవారు జిల్లా మేజిస్ట్రేట్‌కు గానీ, దగ్గరి పోలీస్ స్టేషన్‌ అధికారికి గానీ రాతపూర్వకంగా తెలియజేసి 45 రోజులు ఆగాలని ఆయుధాల చట్టం చెబుతోంది. ఆ వ్యవధిని ఆయుధాన్ని నిపుణుడికి చూపించడానికి వాడుకోవచ్చు.

మన డెల్టా గాలిలో ఉక్కు ఆయుధానికి అసలు శత్రువు తేమ. కోనసీమ తీరంలోనైతే దానికి ఉప్పు కూడా తోడవుతుంది. తోలు ఒరలో పెట్టి బీరువాలో వదిలేస్తే ఒర పీల్చుకున్న చెమ్మ లోహానికి అంటి, ముందుగా సిలిండర్ గాడుల్లో ఎర్రటి చుక్కలు కనిపిస్తాయి. ఒరను, ఆయుధాన్ని వేరువేరుగా ఉంచి, వానాకాలంలో వారానికొకసారి పలుచగా నూనె రాసిన గుడ్డతో తుడవడం తప్పనిసరి.

బిల్లు విషయంలో మొహమాటపడవద్దు. నాకు అమ్మిన వ్యాపారి మొదట ‘.32 రివాల్వర్’ అని మాత్రమే రాసి ఇచ్చాడు. పట్టుబట్టి మోడల్ పేరు, గొట్టం మీద చెక్కిన నంబరు రాయించుకున్నాను. ఎన్నికలప్పుడు ఆయుధాన్ని స్టేషన్‌లో అప్పగించి తిరిగి తెచ్చుకునేటప్పుడు రసీదులోనూ ఆ రెండు వివరాలు ఉండాలి. ఒకే రకం రివాల్వర్లు నాలుగైదు ఒకే గదిలో ఉన్నచోట మీ ఆయుధాన్ని గుర్తుపట్టించేది ఆ నంబరే.