ఇంటి దగ్గర బాగుచేసుకోవడానికి పాత జిప్సీ ఎలాంటి బండి?

కొత్త బండిని సమీక్షించేవారు దాని సౌకర్యాన్ని, వేగాన్ని, మైలేజీని చూస్తారు. బాగుచేయడానికి కొనే పాత బండికి ఆ కొలతలు చాలవు. ఏ బోల్టు దగ్గరికి చెయ్యి వెళుతుంది, ఏ సామాను ఇంకా దొరుకుతోంది, ఏ పని ఇంట్లో అవుతుంది, ఏ పనికి మేస్త్రీ కావాలి అన్న ప్రశ్నలే దాని విలువను తేలుస్తాయి. ఆ దృష్టితోనే మారుతి జిప్సీ కింగ్ గురించి రాస్తున్నాను. నా దగ్గరున్నది 1998 నాటి కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపే పాతకాలపు పరికరం) బండి. శ్రీకాకుళం జిల్లా తీరంలోని ఒక పల్లెలో రొయ్యల చెరువుల పనికి తిరిగి, ఆ తరువాత కొబ్బరి తోటలో చాలాకాలం కదలకుండా ఉండిపోయింది. దాన్ని విజయనగరంలో మా ఇంటి రేకుల షెడ్డులో విప్పి, బిగించి, ఇప్పుడు నడుపుతున్నాను. ఇంట్లో బాగుచేసుకోదగిన ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లలో ఇంతకంటే తేలికైనది మన వైపు దొరకదన్నది నా అభిప్రాయం. అయితే కొనేటప్పుడు ఇంజన్‌ను కాక, ఛాసిస్‌ను (బండిని మోసే అడుగు చట్రాన్ని) చూసి బేరం చేయాలి.

1985 చివర్లో మన దేశంలో విడుదలైన మొదటి జిప్సీకి 970 సీసీ ఇంజను, నాలుగు గేర్లు ఉండేవి. 1996లో జిప్సీ కింగ్ 1298 సీసీ ఇంజనుతో, ఐదు గేర్లతో వచ్చింది. 2000లో అదే పరిమాణంలోని ఇంజనుకు 16 వాల్వులు, కార్బురేటర్ బదులు ప్రతి సిలిండరుకూ పెట్రోలు చిమ్మే ఎం.పి.ఎఫ్.ఐ. ఏర్పాటు అమర్చడంతో శక్తి సుమారు 60 హార్స్‌పవర్ నుంచి 80కి పెరిగింది. పాత 970 సీసీ బండి మీద మోజు ఉన్నవారు లేకపోలేదు గాని, బాగుచేసేవారికి 1300 బండే అనువైనది, ఎందుకంటే అదే కుటుంబానికి చెందిన ఇంజన్లు ఎస్టీమ్ కార్లలోనూ, 2005లో వచ్చిన మొదటి స్విఫ్ట్‌లోనూ ఉండేవి. కాబట్టి టైమింగ్ బెల్టు, ఆయిల్ సీళ్లు, రింగులు వంటి వాటి కోసం ఊళ్లు తిరగవలసిన అవసరం ఉండదు, ఇంజను పని తెలిసిన మెకానిక్‌లు కూడా విజయనగరంలో, శ్రీకాకుళంలో ఇంకా ఉన్నారు. ఇంజను ఎంత పాడైనా బోరు చేయించి (అరిగిన సిలిండరు గోడలను తరిగించి) నిలబెట్టుకోవచ్చు. తుప్పు పట్టిన ఛాసిస్ విషయం అలా కాదు.

జిప్సీకి బాడీ వేరు, నిచ్చెన ఆకారపు ఛాసిస్ వేరు. ఛాసిస్ దూలాలు పెట్టెలా మూసిన గొట్టాలు కావడంతో, రంధ్రాల గుండా లోపలికి చేరిన బురద, ఉప్పుగాలి తేమ అక్కడే నిలిచి, తుప్పు లోపలి నుంచి బయటికి తింటూ వస్తుంది. కళింగపట్నం, బారువ, చింతపల్లి వంటి తీర గ్రామాల్లో తిరిగిన బండ్లకు ఈ జబ్బు ఎక్కువ. పైన నల్ల రంగు వేసి అమ్మకానికి పెట్టిన ఛాసిస్‌ను కంటితో చూసి తేల్చుకోలేం. చిన్న సుత్తితో పొడవునా తట్టుకుంటూ పోతే మంచి రేకు ఖంగుమంటుంది, తిన్న చోట మొద్దు శబ్దం వస్తుంది. వెనుక కమాన్ కట్టల (పొరలుగా పేర్చిన ఉక్కు పట్టీల స్ప్రింగుల) సంకెళ్లు తగిలే చోట్లు, చివరి అడ్డ దూలం, బాడీ రబ్బరు బుష్షులు కూర్చునే బ్రాకెట్లు తప్పక తట్టి చూడవలసినవి. బాడీలో డ్రైవరు కాళ్ల కింద మ్యాటు ఎత్తి స్క్రూడ్రైవరుతో నొక్కాలి, వెనుక చక్రాల గూళ్ల వెనుక మూలల్లో, మడిచే అద్దం ఫ్రేము అడుగున వేళ్లతో తడమాలి. నా బండిలో మ్యాటు కింద కనిపించిన నున్నటి నల్ల తారు పూత, స్క్రూడ్రైవరు మొన తగలగానే అప్పడంలా విరిగి, దాని కింద షెడ్డు నేల కనిపించింది.

ఇటువంటి చోట పుట్టీ, ఫైబరు అతుకులు పెట్టడం దండగ. మంచి రేకు వచ్చేదాకా కోసేసి, అదే మందం గల కొత్త రేకును పూర్తిగా చుట్టూ వెల్డింగ్ చేయించాలి. బాడీ నేల రేకుల పని ఇంట్లో చేసుకోవచ్చు గాని, ఛాసిస్ దూలాన్ని కోసే పని మాత్రం అనుభవం ఉన్న చేతికే అప్పగించాలి. లారీల ఊరుగా పేరుపడ్డ సాలూరులో ఈ పని చేసేవారు దొరుకుతారు. 2022 నాటి జిల్లాల విభజనలో సాలూరు మన్యం జిల్లాలోకి పోయినా, ఛాసిస్ అన్న మాట వస్తే విజయనగరం వాళ్లం ఇప్పటికీ అటే చూస్తాం. వెల్డింగ్‌కు ముందు పెట్రోలు ట్యాంకును దింపి బండికి దూరంగా పెట్టడం, బ్యాటరీ తీగలతో పాటు ఆల్టర్నేటరు తీగ కూడా విప్పడం తప్పనిసరి. కోసిన దూలం ఒరిగిపోకుండా రెండు వైపులా స్టాండ్లు పెట్టాలి. తాపీ మేస్త్రీలు గోడ నిలువు చూసే గుండును ఛాసిస్ రంధ్రాల నుంచి వేలాడదీసి, నేల మీద సుద్దతో గుర్తులు పెట్టుకుని, మూల నుంచి మూలకు రెండు కొలతలూ సమానంగా ఉన్నాయో లేదో వెల్డింగ్‌కు ముందు, తరువాత చూసుకోవాలి. ఆ రెండు కొలతల్లో తేడా వస్తే ఆ తరువాత ఎన్ని టైర్లు మార్చినా బండి ఒక పక్కకు లాగుతూనే ఉంటుంది. వెల్డింగ్ అయ్యాక దూలాల లోపలికి పొడవాటి గొట్టంతో మైనం కలిసిన తుప్పు నిరోధక నూనెను కొట్టించాలి. చాలామంది బయట రంగుకు పెట్టే ఖర్చులో కొద్ది భాగం కూడా దీనికి పెట్టరు.

జిప్సీలో ఇంటి పనివాడికి అన్నిటికంటే తృప్తినిచ్చేది ముందు హౌసింగ్ (ముందు చక్రాల ఇరుసును మూసి ఉంచే ఇనుప గూడు) పని. చక్రం తిరిగే చోట గుండ్రటి ఇనుప బంతి, దాని చుట్టూ చక్రాన్ని పట్టుకుని స్టీరింగ్‌తో పాటు తిరిగే నకిల్, అది తిరగడానికి పైన కింద కింగ్‌పిన్ బేరింగులు, లోపల యాక్సిల్ జాయింటు ఉంటాయి. బంతి మీద తుడుచుకుంటూ తిరిగే సీలు అరిగితే బురద లోపలికి పోతుంది. యాక్సిల్ లోపలి సీలు పోతే హౌసింగ్ నూనె వచ్చి గ్రీజులో కలుస్తుంది. నా బండి నకిల్ విప్పినప్పుడు గ్రీజు అనదగినది ఏమీ లేదు. ఎర్రమట్టి, నూనె కలిసిన చిక్కటి పేస్టు బంతి మీద గీతలు పెట్టి, కింది బేరింగు రోలర్లను ఒకవైపు చదును చేసి ఉంది. వేగంలో చిన్న గుంట తగిలితే స్టీరింగ్ చేతుల్లో అటూ ఇటూ కొట్టుకునే జిప్సీలను చూసి చక్రాల బ్యాలెన్సింగ్ చేయించేవారు ఎక్కువ గాని, మూలం చాలాసార్లు ఈ కింగ్‌పిన్ బేరింగుల్లోనే ఉంటుంది. బేరింగులు మార్చాక పైమూత కింద షిమ్ములు అనే పలుచటి రేకులు పెట్టి బిగువు సరిచూడాలి. సీలు బిగించకముందు నకిల్ చివరను స్ప్రింగ్ త్రాసుతో లాగి, కంపెనీ మాన్యువల్లో ఇచ్చిన బరువు దగ్గర అది కదులుతోందో లేదో చూస్తే పని పూర్తయినట్టే. ఇందుకు కూరగాయలు తూచే చిన్న త్రాసు సరిపోతుంది. మామూలు పానాలు, జాకీ, రెండు గట్టి స్టాండ్లు, ఓపిక ఉంటే ఈ పని మొత్తం ఇంట్లోనే అవుతుంది.

ముందు, వెనుక ఇరుసులకు ఇంజను శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసు గేర్‌బాక్సుకు అతుక్కుని లేకపోవడం ఈ బండిలో మరో సౌలభ్యం. రెండింటి మధ్య చిన్న షాఫ్టు ఉంటుంది కాబట్టి గేర్‌బాక్సును కదిలించకుండానే దీన్ని ఒక్కదాన్నీ కిందికి దింపవచ్చు, చైన్ కప్పీ కూడా అక్కరలేదు. ఇది కూర్చునే మూడు రబ్బరు మౌంట్లు చిరిగితే రేసు ఇచ్చినప్పుడూ వదిలినప్పుడూ కింద నుంచి దబ్‌మని చప్పుడు వస్తుంది. దాన్ని గేర్‌బాక్సు దోషంగా చెప్పి పెద్ద బిల్లు వేసినవారు ఉన్నారు, కనుక ముందు మౌంట్లు చూడండి. లీవరులో 2హెచ్ (వెనుక చక్రాలకే శక్తి), 4హెచ్ (నాలుగు చక్రాలకూ), న్యూట్రల్, 4ఎల్ (నాలుగు చక్రాలకూ, నెమ్మది గేరులో) స్థానాలు ఉంటాయి. 4ఎల్‌లో నిష్పత్తి 2.268 కావడం వల్ల బండి మనిషి నడకతో రాళ్లు ఎక్కుతుంది. అయితే ముందు, వెనుక ఇరుసుల మధ్య వేగాల తేడాను సర్దే డిఫరెన్షియల్ లేదు కాబట్టి పొడి తారురోడ్డు మీద 4హెచ్ వేసి మలుపులు తిప్పితే షాఫ్టులు, వాటి కీళ్లయిన క్రాసులు బిగుసుకుంటాయి. ఇసుక, బురద, కంకర వంటి జారే నేల మీదే ఇది వాడాలి. నూనెల విషయంలో కూడా జాగ్రత్త కావాలి. హౌసింగులకు వాడే జీఎల్-5 రకం గేరు నూనెలోని రసాయనాలు గేర్‌బాక్సులోని గేర్లు సాఫీగా పడేలా చేసే ఇత్తడి సింక్రో రింగులను తినగలవు, కాబట్టి గేర్‌బాక్సుకు జీఎల్-4 పోయించాలి.

ఇంజను గురించి చెప్పవలసింది తక్కువ. టైమింగ్ బెల్టు వయసు తెలియకపోతే మొదటి రోజే మార్చాలి. కార్బురేటర్‌ను తీసేసి వేరే ఏర్పాటు పెట్టించమనే సలహాలు చాలా వస్తాయి. దాన్ని శుభ్రం చేసి, కొత్త గాస్కెట్లు వేసి, ఫ్లోటు మట్టం (లోపల పెట్రోలు నిలిచే ఎత్తు) సరిచేస్తే తొంభై శాతం ఫిర్యాదులు పోతాయని నా నమ్మకం. ఈనాటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. 1990ల నాటి రబ్బరు గొట్టాలు, డయాఫ్రాములు దాన్ని తట్టుకోవడానికి చేసినవి కావు, అందువల్ల ట్యాంకు నుంచి కార్బురేటర్ దాకా గొట్టాలన్నీ ఇథనాల్‌ను తట్టుకునే రకంతో మార్చడం మంచిది.

సామాను కోసం ఇంజను వరకు విజయనగరం చాలు. నకిల్ కిట్లు, బాడీ బుష్షులు, అద్దం ఫ్రేము రబ్బర్లకు విశాఖపట్నం పోక తప్పదు. రబ్బరు సామానులో కంపెనీ సరుకుకు, లోకల్ సరుకుకు ధరలో ఎంత తేడా ఉందో, పనితనంలో అంతకు మించి ఉంది. ఒక కొట్టులో, పేరు చెప్పను, కంపెనీ డబ్బాలో పెట్టి ఇచ్చిన నకిల్ సీళ్లు ఒక్క వానాకాలానికే పెదవులు తెరిచాయి. బిల్లు లేనిదే ఇలాంటివి కొనవద్దు.

రంగు దగ్గర ఒక మాట. జిప్సీ అనగానే చాలామందికి సైన్యం బండి గుర్తుకొచ్చి, ఆలివ్ గ్రీన్ వేయించాలనిపిస్తుంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 121వ నిబంధన ప్రకారం రక్షణ శాఖ బండ్లకు తప్ప మరే బండికీ ఆ రంగు వేయకూడదు. వేరే రంగు మార్చినా ఆర్.సి.లో నమోదు చేయించాలి. రిజిస్ట్రేషన్ 15 ఏళ్ల వరకే కనుక ఇంత పాత బండికి తనిఖీ చేయించి, ఐదేళ్లకోసారి పొడిగించుకుంటూ ఉండాలి. ఏపీ 35 (విజయనగరం), ఏపీ 30 (శ్రీకాకుళం) నంబర్ల బండ్లయితే ఈ పని సులువు. పర్లాకిమిడి, రాయగడ, కోరాపుట్‌ల నుంచి చవకగా వస్తోందని ఒడిశా బండి కొనేవారు మాత్రం అక్కడి రవాణా కార్యాలయం నుంచి ఎన్.ఓ.సి. (అభ్యంతరం లేదన్న పత్రం) చేతికి వచ్చాకే డబ్బు ఇవ్వాలి. ఛాసిస్ మీద చెక్కిన నంబరు తుప్పులో కరిగిపోయిందేమో కూడా అప్పుడే చూసుకోవాలి. అది చదవడానికి రాని బండిని ఎంత చవకైనా వదిలేయండి.

ఇక నడపడం. ఖాళీ బండి సుమారు టన్ను బరువు, నాలుగు వైపులా కమాన్ కట్టలు, కాబట్టి మనుషులు, సామాను లేకుండా పోతే ప్రతి గుంటా నడుముకు తెలుస్తుంది. సాలూరు దాటి సుంకి వైపు ఎక్కే ఘాట్ రోడ్డులో రెండో గేరులో హాయిగా పాకుతుంది, తీరంలో మెత్తటి ఇసుకలో టైర్ల గాలి కొంత తగ్గిస్తే ఇంతకంటే బరువైన బండ్లు కూరుకుపోయే చోట తేలిపోతుంది. హైవే మీద మాత్రం గంటకు 80 కిలోమీటర్లు దాటితే చప్పుడు ఎక్కువ, మైలేజీ తక్కువ. ఇంటిల్లిపాదితో విశాఖ, రాజమండ్రి తిరగాలనుకునేవారికి 2023లో మారుతి తెచ్చిన జిమ్నీ సరైన బండి; దానికి కాయిల్ స్ప్రింగులు, ఏసీ, ఎయిర్‌బ్యాగులు ఉన్నాయి. జిప్సీ వెనుక భాగంలో ఎదురెదురుగా ఉండే బెంచీల మీద మోకాళ్ల నొప్పులున్న పెద్దవారిని కూర్చోబెట్టకూడదు, వెనుక తలుపు దగ్గర అడుగు ఎత్తు కూడా వారికి కష్టమే.