టోనోటోపీ ప్రయోగానికి ఏది మేలు? సైకోపై, సైక్‌టూల్‌బాక్స్, ప్రెజెంటేషన్

"అక్కా, యా సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటే మేలు?" అని అనంతపురం, కడప, కర్నూలు వైపు పిల్లలు అడుగుతూనే ఉన్నారు. ఒకరు ఈఎన్‌టీ పీజీ, ఒకరు బయోమెడికల్ ఇంజినీరింగ్, ఇంకొకరు సైకాలజీలో పీహెచ్‌డీ. పని మాత్రం అందరిదీ ఒకటే. ఎఫ్ఎంఆర్ఐ (మెదడు పనిచేస్తుండగా చిత్రాలు తీసే) స్కానర్లో పడుకున్న మనిషికి మంద్రం నుంచి తారం దాకా స్వరాలు వరసగా వినిపించి, ఆడిటరీ కార్టెక్స్‌లో, అంటే మెదడులో వినికిడి చూసే భాగంలో, ఏ ఫ్రీక్వెన్సీకి ఎక్కడ స్పందన వస్తోందో మ్యాప్ గీయాలి. ఫ్రీక్వెన్సీలు అక్కడ అలా వరసగా అమరి ఉండడాన్నే టోనోటోపీ అంటారు. ఆ స్వరాలు వినిపించే పని ఏ సాఫ్ట్‌వేర్‌కు అప్పగించాలన్నదే సందేహం. ఈ మధ్య ఒక కొత్త ప్రయోగం కోసం నేనూ ఇదే తేల్చుకోవాల్సి వచ్చింది. సైకోపై తీసుకున్నాను. ప్రెజెంటేషన్, సైక్‌టూల్‌బాక్స్ కూడా గట్టివే, కొందరికి అవే సరిపోతాయి. కాబట్టి మూడింటి సంగతీ చెప్తాను.

ముందు అందరూ వాదించుకునే మిల్లీసెకన్ల లెక్క. పీర్‌జే పత్రికలో 2020లో ఒక పెద్ద పోలిక అచ్చయింది. బొమ్మ, శబ్దం, మీట నొక్కడం అన్నీ పరికరాలు పెట్టి కొలిచారు. సైక్‌టూల్‌బాక్స్, సైకోపై, ప్రెజెంటేషన్, ఈ-ప్రైమ్ నాలుగూ సగటున మిల్లీసెకను లోపలి నిలకడ చూపించాయి. ఆ వ్యాసం రాసినవాళ్లలో సైకోపై సృష్టికర్త జొనాథన్ పీర్స్ ఉన్నారు. ఆ సంగతి గుర్తుంచుకుని చదవాల్సిందే గానీ, కొలిచిన పద్ధతి అంతా బయటపెట్టారు కాబట్టి నేను నమ్ముతాను. పైగా ఎఫ్ఎంఆర్ఐలో మనం చూసే బోల్డ్ స్పందన, అంటే మెదడులో రక్తప్రవాహంతో వచ్చే మార్పు, శబ్దం మొదలైన ఐదారు సెకన్లకు గానీ శిఖరానికి చేరదు. అంత నిదానమైన సంకేతం ముందు ఒక మిల్లీసెకనా, మూడా అన్న తేడా కనబడనే కనబడదు.

మన మ్యాపుని చెడగొట్టేది ఆ ఒక్క మిల్లీసెకను కాదు, ఆలస్యాలు పోగుపడడం. 88 హెర్ట్జ్ నుంచి 8000 హెర్ట్జ్ దాకా అర స్థాయి (అర ఆక్టేవ్) చొప్పున ఎక్కే 14 స్వరాలు తీసుకోండి. ఒక్కో స్వరం 2 సెకన్లు, చివర 4 సెకన్ల నిశ్శబ్దం, మొత్తం 32 సెకన్ల చుట్టు. అలా 15 చుట్లు తిరిగితే 8 నిమిషాల పరుగు. టీఆర్, అంటే మెదడు మొత్తం చిత్రం (వాల్యూమ్) ఒకదానికీ తర్వాతిదానికీ మధ్య సమయం, 2 సెకన్లయితే చుట్టుకు 16 వాల్యూమ్‌లు, పరుగుకు 240. తర్వాత ప్రతి వాక్సెల్‌లోనూ (చిత్రంలోని ఒక్కో చిన్న గడిలోనూ) ఈ 32 సెకన్ల లయ ఏ ఫేజ్‌లో ఉందో, అంటే చుట్టులో ఎక్కడ శిఖరానికి చేరుతోందో, ఫూరియర్ విశ్లేషణతో చూసి, ఆ ఫేజ్‌ని ఫ్రీక్వెన్సీగా చదువుతాం. ఇప్పుడు కోడ్ ఒక్కో స్వరానికి ఫైలు తెరిచి, వాయించి, అది ముగిశాక తర్వాతిది తెరుస్తోందనుకోండి. ప్రతిసారీ 10 మిల్లీసెకన్లు మాత్రమే అదనంగా పట్టినా, 210 స్వరాలు అయ్యేసరికి 2.1 సెకన్లు. అంటే పరుగు చివర ఒక స్వరం మొత్తం వెనకబడ్డాం. ఆడిటరీ కార్టెక్స్‌లోని హెష్ల్ మడత మీద ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబాల్లా ఉండే రెండు ఫ్రీక్వెన్సీ వాలులను విడదీసి చూపాలన్నప్పుడు అర స్థాయి పొరపాటు చిన్నది కాదు.

"కింది నుంచి పైకి ఒక పరుగు, పై నుంచి కిందికి ఒక పరుగు చేసి సగటు తీస్తే ఆలస్యం కొట్టుకుపోతుంది కదా" అంటారు కొందరు. రెండు పరుగుల్లోనూ ఆలస్యం సమానంగా ఉంటే కొట్టుకుపోతుంది. రక్తప్రవాహం వల్ల వచ్చే ఆలస్యాన్ని తీసేసేది ఆ పద్ధతే. కంప్యూటర్ తెచ్చే ఆలస్యానికి ఆ నియమం లేదు. ఒక పరుగులో 1 సెకను, ఇంకో పరుగులో 2 సెకన్లు పేరుకుంటే ఆ తేడా తిన్నగా మ్యాపులోకే పోతుంది.

చెక్కభజనలో గురువు చెక్క తట్టినప్పుడే అందరి అడుగూ పడాలి. ఎవరికి వాళ్లు మనసులో లెక్కపెట్టుకుని అడుగేస్తే కాసేపటికే వరస చెదిరిపోతుంది. ఇక్కడ గురువు స్కానర్. ప్రతి వాల్యూమ్‌కు అది ఒక పల్స్ పంపుతుంది. ఎక్కువ చోట్ల అది యూఎస్‌బీ పెట్టె ద్వారా మన కంప్యూటర్‌కు '5' మీట నొక్కినట్టుగానో, 't' మీట నొక్కినట్టుగానో వస్తుంది. ఆ పల్స్‌ను మన సాఫ్ట్‌వేర్ ఎంత శ్రద్ధగా పట్టుకుంటుందో చూడాలి.

ఈ విషయంలో ప్రెజెంటేషన్‌ది చక్కటి పనితనం. కాలిఫోర్నియాలోని న్యూరోబిహేవియరల్ సిస్టమ్స్ వాళ్లు దాన్ని తయారుచేసినప్పుడే స్కానర్‌ను మనసులో పెట్టుకున్నట్టు తెలుస్తుంది. ఈ శబ్దం 17వ పల్స్‌కు, ఆ శబ్దం 33వ పల్స్‌కు అని సినారియో ఫైల్లోనే రాసేయవచ్చు. పల్స్‌లన్నీ లాగ్ ఫైల్లో శబ్దాల పక్కనే నమోదవుతాయి. తర్వాత సరిచూసుకోవడానికి అంతకన్నా సౌకర్యం ఇంకెక్కడా లేదు.

సైకోపై దారి వేరు. మొదటి పల్స్‌తో గడియారం సున్నా చేసి, అక్కణ్నుంచి ప్రతి ఘట్టాన్నీ అసలు సమయానికే మొదలుపెడుతుంది. ముందరిది 10 మిల్లీసెకన్లు ఆలస్యమైనా తర్వాతిది తన సమయానికే వస్తుంది కాబట్టి ఆలస్యాలు పోగుపడవు. కోడ్ రాయకుండా ప్రయోగం కట్టే బిల్డర్ కిటికీలో ఆ పద్ధతిలో నడిచే ఘట్టాలు ఆకుపచ్చగా కనిపిస్తాయి. ఒక్క ఘట్టానికైనా ఆ రంగు లేకపోతే దాని నిడివి తేలలేదని అర్థం, అది చూడకుండా ముందుకు పోవద్దు. సైక్‌టూల్‌బాక్స్‌లో ఈ లెక్కంతా మనమే రాసుకోవాలి. రాసుకుంటే మూడింటిలోనూ అత్యంత పట్టు దానిదే.

8 నిమిషాల పరుగుకు ఈ మూడు దారులూ దాదాపు ఒకే చోటికి చేరతాయి. స్కానర్ గడియారానికీ, సౌండ్ కార్డ్ గడియారానికీ మధ్య పది లక్షలకు 50 వంతుల తేడా ఉన్నా 480 సెకన్లలో వచ్చే ఎడం 24 మిల్లీసెకన్లే. దాంతో మ్యాపుకి ఏమీ కాదు. మరి నేను దేన్ని బట్టి తేల్చుకున్నాను?

స్కానర్ మన ఊళ్లో లేదు, అదీ కారణం. ఆసుపత్రుల్లో ఎంఆర్ఐ యంత్రాలు ఉన్నాయి గానీ, పల్స్ పెట్టె, స్కానర్లో పెట్టుకునే ఇయర్‌ఫోన్లు, పరిశోధనకు సమయం ఇచ్చే ఏర్పాటు అన్నీ ఒక్కచోట దొరకాలంటే మనవాళ్లు బెంగళూరు బస్సెక్కాల్సిందే. అక్కడ దొరికే సమయం కొంచెమే. స్కానర్లో మనిషిని పడుకోబెట్టి, బయట కూర్చుని కోడ్ దిద్దుకోవడం కుదరదు. అందుకే పల్స్‌లతో సహా ప్రయోగం మొత్తం అనంతపురంలో, సొంత ల్యాప్‌టాప్ మీద, అచ్చం స్కానర్లో నడిచినట్టే నడవాలి. నా మటుకు తీర్పు చెప్పేది ఇదొక్కటే.

సైకోపైలో కోడ్ రాసే కోడర్ కిటికీలో లాంచ్‌స్కాన్ అనే ఫంక్షన్ వాడుకోవచ్చు, కొత్త వెర్షన్లలో అది ప్లగిన్‌గా వస్తుంది. టీఆర్ ఎంతో, వాల్యూమ్‌లు ఎన్నో చెప్తే టెస్ట్ మోడ్‌లో అదే '5'లు పంపుతుంది. కావాలంటే స్కానర్ మోత లాంటి శబ్దం కూడా చేస్తుంది. స్కాన్ మోడ్‌కు మారిస్తే నిజమైన పల్స్ కోసం ఎదురుచూస్తుంది. మన ప్రయోగం కోడ్‌లో ఒక్క గీత కూడా మారదు. ప్రెజెంటేషన్‌లోనూ ఇలా స్కానర్‌ను అనుకరించే ఎమ్యులేషన్ మోడ్ ఉంది, బాగుంటుంది కూడా. కానీ అది విండోస్ మీదే నడుస్తుంది, చందా కట్టి లైసెన్సు తీసుకోవాలి. ల్యాబ్‌లో ఒక్క లైసెన్సు ఉంటే, కడపలో ఇంటి దగ్గర కూర్చుని రాత్రి పూట సాధన చేసుకోవాలనుకునే విద్యార్థికి అది అందదు. సైకోపై ఉచితం. అది ఎన్ని ల్యాప్‌టాప్‌లలో ఉన్నా అడిగేవాళ్లు లేరు. సైక్‌టూల్‌బాక్స్‌ను లైనక్స్ మీద గ్నూ ఆక్టేవ్‌తో ఖర్చు లేకుండా నడపవచ్చు గానీ, పల్స్‌లు పంపే ఏర్పాటు మనమే రాసుకోవాలి. కోడ్ రాయడం అలవాటున్నవాళ్లకు అది ఒక పూట పని. ఈఎన్‌టీ వార్డులో డ్యూటీ చేసి వచ్చి కూర్చునే పీజీకి కాదు.

శబ్దం నాణ్యత సంగతికొస్తే, సైకోపై, సైక్‌టూల్‌బాక్స్‌ల మధ్య పాత తేడా ఇప్పుడు చాలావరకు పోయింది. సైక్‌టూల్‌బాక్స్ శబ్ద యంత్రాంగం సైక్‌పోర్ట్‌ఆడియోనే పైథాన్‌లోకి తెచ్చి సైకోపైలో పెట్టారు. ప్రిఫరెన్సెస్‌లో ఆడియో లైబ్రరీగా పీటీబీ (సైక్‌టూల్‌బాక్స్ పొట్టిపేరు) ఉందో లేదో చూసుకోండి. లేటెన్సీ మోడ్ (శబ్దం ఆలస్యాన్ని అదుపు చేసే సెట్టింగు) 3లో ఉంటే సౌండ్ కార్డ్ మొత్తం దాని అదుపులోకి వస్తుంది, విండోస్ మిక్సర్ మధ్యలో చేయి పెట్టదు. టోనోటోపీకి ఇది చాలా అవసరం. మిక్సర్ 'ఎన్‌హాన్స్‌మెంట్' పేరుతో బేస్ పెంచితే, 88 హెర్ట్జ్ స్వరానికీ 4000 హెర్ట్జ్ స్వరానికీ మధ్య మీరు సరిచూసి పెట్టిన తీవ్రతల లెక్క తారుమారవుతుంది. ఫైళ్లు, పరికరం రెండూ ఒకే శాంప్లింగ్ రేటులో (44100 గానీ, 48000 గానీ) ఉండేలా ముందే సరిపెట్టండి.

స్కానర్ ఇయర్‌ఫోన్లు అన్ని ఫ్రీక్వెన్సీలనూ ఒకేలా పలకవు. గాలి గొట్టాలతో శబ్దం పంపే పాత రకమైతే పై ఫ్రీక్వెన్సీలు బాగా నీరసిస్తాయి. కొన్ని ఇయర్‌ఫోన్లతో పాటు వాటి జతకు సరిపడే ఫిల్టర్ ఫైళ్లు వస్తాయి. బెంగళూరు ల్యాబ్‌వాళ్లను అవి ముందుగా అడిగి తెప్పించుకుని, స్వరాలన్నిటికీ ఇంటి దగ్గరే ఫిల్టర్ వేసుకోండి. స్కానింగ్ నడుస్తున్నప్పుడు ఫిల్టర్ వేయాల్సిన పని ఏ సాఫ్ట్‌వేర్‌కూ పెట్టవద్దు. శబ్దం ఎటు నుంచి వచ్చిందో తెలిపే మ్యాప్ గీసేవాళ్లు ఎడమ, కుడి గొట్టాలు తారుమారు కాలేదని ప్రతి మనిషికీ చూసుకోవాలి. రెండు చెవుల మధ్య కాలభేదం ఎక్కువలో ఎక్కువ 700 మైక్రోసెకన్ల చుట్టుపక్కల ఉంటుంది. అది ఫైల్లోనే ఉంటుంది కాబట్టి సాఫ్ట్‌వేర్ దాన్ని చెడగొట్టదు. విండోస్‌లోని మోనో ఆడియో, స్పేషియల్ సౌండ్ సెట్టింగులు మాత్రం చెడగొడతాయి.

స్కానర్ మోత మధ్య వినిపించడం ఇష్టం లేక స్పార్స్ పద్ధతికి పోయేవాళ్ల లెక్క కొంచెం వేరు. అక్కడ ఉదాహరణకు టీఆర్ 10 సెకన్లు పెట్టి, 2 సెకన్లు చిత్రం తీసి, 8 సెకన్లు స్కానర్ మౌనంగా ఉంటుంది. శబ్దం ఆ మౌనంలోనే పడాలి, దాని స్పందన శిఖరం తర్వాతి చిత్రానికి అందాలి. ప్రతి శబ్దాన్నీ దాని పల్స్‌కే కట్టాల్సిన పని ఇది. ఇలాంటి ప్రయోగాలే ఏడాది పొడవునా చేసే ల్యాబ్‌కు, డబ్బుకు ఇబ్బంది లేకపోతే, ప్రెజెంటేషన్ తీసుకోమనే చెప్తాను.

సైక్‌టూల్‌బాక్స్‌లో నాకు అన్నిటికన్నా నచ్చేది దాని నిజాయితీ. శబ్దం ఎప్పుడు మొదలవాలని మీరు అడిగారో కాదు, పరికరంలో నిజంగా ఎప్పుడు మొదలైందన్న అంచనా వెనక్కి ఇస్తుంది. బఫర్ (శబ్దాన్ని ముందే నింపి పెట్టుకునే చోటు) ఖాళీ అయి శబ్దం ఎక్కడైనా తెగితే ఆ సంఖ్యా చూపిస్తుంది. 8 నిమిషాల స్టీరియో శబ్దాన్ని ఒకే బఫర్‌గా ముందే ఎక్కించినా 48000 రేటులో 200 మెగాబైట్ల లోపే. ఒక్కసారి మొదలుపెడితే మధ్యలో తెగే భయం ఉండదు. మీ గైడ్ దగ్గర ఇప్పటికే నడుస్తున్న సైక్‌టూల్‌బాక్స్ కోడ్ ఉంటే, నా మాట విని సైకోపైకి మారకండి. పరీక్షకు నిలిచిన కోడ్ విలువ కొత్త సాఫ్ట్‌వేర్ సౌకర్యం కన్నా ఎక్కువ.

ఈ-ప్రైమ్ సమయం విషయంలో గట్టిదే, కానీ అదీ డబ్బు పెట్టాల్సిందే, అదీ విండోసే. ఓపెన్‌సెసమీ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ వాడడం తేలిక, శబ్దంలో నిలకడ మాత్రం 2020 పోలికలో పై నాలుగింటి కన్నా తక్కువ. ఎక్స్‌పైరిమెంట్ అనే సాఫ్ట్‌వేర్ ఈ పనికి వద్దు.

ఏది ఎంచుకున్నా కోడ్ రాయడానికి ముందు స్కానర్ ఉన్నచోటికి ఫోన్ చేసి నాలుగు సంగతులు కనుక్కోండి: వాళ్ల కంప్యూటర్లో ఏ సాఫ్ట్‌వేర్ ఏ వెర్షన్ ఉంది, మన ల్యాప్‌టాప్ తగిలించనిస్తారా, పల్స్ '5'గా వస్తుందా 't'గా వస్తుందా, మొదటి పల్స్ డమ్మీ స్కాన్లకు (మొదట తీసి పక్కన పడేసే చిత్రాలకు) ముందు వస్తుందా తర్వాత వస్తుందా. సైకోపైలో పై వరసలోని '5' వేరు, నంబర్ ప్యాడ్ '5' వేరు. పల్స్ రెండోదిగా వస్తే ప్రయోగం తెర మీద అలాగే నిలబడిపోతుంది, కాబట్టి కోడ్‌లో రెండు పేర్లూ రాయండి. బిల్డర్ సెట్టింగ్స్‌లో వెర్షన్ నంబరు కట్టేసి పెట్టే వీలుంది. మొదటి మనిషి నుంచి ఆఖరి మనిషి దాకా దాన్ని మార్చకండి.